బరంపురం పాత ఇంటి వయసు కనిపెట్టడం ఎలా: ముఖం కాదు, కప్పు చూడండి

పాత ఇంటి వయసు చెప్పమంటే అందరూ వీధిలో నిలబడి ముందుభాగం చూసి చెప్పేస్తారు. మా నాన్నమ్మ ఇంటి గుమ్మం పైన సున్నంతో తీర్చిన 1934 అనే అంకె ఉంటుంది. ఇల్లంతా ఆ ఏడే కట్టారని మా ఇంట్లో మూడు తరాలవాళ్ళం నమ్మాం. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు మా పెంకులు సగం లేచిపోయాయి, కప్పు దించక తప్పలేదు. అప్పుడు తెలిసింది, వెనక మూడు గదుల గోడలు మట్టివి, దూలాలు తాటివి, మండువా చుట్టూ స్తంభాలు గుగ్గిలం చెక్క. ఇటుక, సున్నం, రంగం (బర్మాలోని రంగూన్) టేకు ఉన్నది ముందు గదికి మాత్రమే. 1934 ఆ ముందు గది వయసు, అంతే.

ఆ రోజు నుంచి మా పేటలో, తర్వాత పర్లాకిమిడిలో, దారిలో ఆగిన ఊళ్ళలో ఇళ్ళు చూస్తూ వచ్చాను. ఒక విషయం దాదాపు ప్రతి ఇంట్లోనూ నిజమైంది. చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడల్లా మనవాళ్ళు ముందు బాగుచేసుకునేది వీధి వైపు భాగాన్ని. కాబట్టి ఇంటికి ముఖమే అన్నిటికంటే చిన్నది. పెద్ద వయసు వెనక, పైన, చీకట్లో ఉంటుంది. అందుకే ఇంటిని వెనక నుంచి ముందుకి, పై నుంచి కిందికి చదవాలి.

వెళ్ళేటప్పుడు టార్చి, టేపు, ఒక మేకు, చిన్న పుస్తకం, ఫోన్ చాలు. ఉదయం ఎనిమిది, పది మధ్య వెళ్ళండి, ఎండ ఏటవాలుగా పడుతుంది కాబట్టి గోడ మీద అతుకులు బాగా కనిపిస్తాయి. మధ్యాహ్నం కునుకు వేళ తలుపు కొట్టకండి. ఇంట్లో పెద్దామె ఉంటే "మామ్మగారూ, ఇల్లు చూసుకోవచ్చా" అని అడిగి, ముందు కాసేపు ఆవిడ చెప్పేది వినండి. ఒడియా వాళ్ళ ఇల్లయితే "మౌసీ, ఏ ఘర కేతే దినర?" (పిన్నీ, ఈ ఇల్లు ఎన్నాళ్ళది?) అని మొదలుపెడితే చాలు, మిగతాది వాళ్ళే చెప్తారు. ఇల్లు కొనడానికి వచ్చారేమో అన్న అనుమానం మొదట్లోనే పోగొట్టాలి, లేకపోతే పెరట్లోకి రానివ్వరు, అసలు సంగతంతా పెరటి వైపే ఉంటుంది.

ఇంకో మాట కూడా గుర్తుంచుకోవాలి. మా బరంపురం ఉన్న గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది, ఆ రోజే ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైంది. కాబట్టి ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో ఇక్కడ కట్టిన ఇంట్లో మద్రాసు మేస్త్రీల పద్ధతి, ఒడియా ఊరి అమరిక, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మండువా అలవాటు మూడూ కలిసే ఉంటాయి. ఇది తెలుగిల్లా ఒడియా ఇల్లా అని గీత గీయడానికి కూర్చుంటే ఏదీ తేలదు. మనం అరుగు అంటాం, పక్కింటివాళ్ళు పిండా అంటారు, సాయంత్రం కూర్చునేది మాత్రం ఒకే గట్టు మీద.

ఇప్పుడు కప్పు. ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి.

లోపల నిలబడి టార్చి పైకి వేయండి. గొట్టాన్ని నిలువునా సగానికి చీల్చినట్టుండే పెంకులు కనిపిస్తే అవి నాటు పెంకులు, కుమ్మరి సారె మీద గొట్టంలా లాగి రెండుగా కోసినవి. వాటి కింద వెదురు బద్దలు, తాటి వాసాలు ఉంటాయి. బల్లపరుపుగా, గాళ్ళతో ఒకదానిలో ఒకటి ఇమిడే ఎర్ర పెంకులైతే బంగాళా పెంకులు, అంటే మంగుళూరు రకం. వీటికి సమాన దూరంలో కోసిన రీపర్లు కావాలి. పైన బంగాళా పెంకు ఉండి కింద వాసాలు గుండ్రటి తాటివో వెదురువో అయితే, ఆ కప్పు ఒకప్పుడు నాటు పెంకుదో గడ్డిదో అయివుండి తర్వాత మారింది. ఇది చాలా నమ్మకమైన గుర్తు.

బంగాళా పెంకు వెనక వైపు కంపెనీ ముద్ర ఉంటుంది. చాలామంది మోసపోయేది ఇక్కడే. బాసెల్ మిషన్ అనే స్విట్జర్లాండు క్రైస్తవ మిషనరీ సంస్థ వాళ్ళు మంగుళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టింది 1865లో, ఆ ఏడాదినే పెంకు మీద ముద్ర వేసేవారు. "మా పెంకు మీద 1865 ఉంది, మా ఇల్లు నూటయాభై ఏళ్ళది" అని చెప్పినవాళ్ళు నాకు ముగ్గురు తగిలారు. అది ఫ్యాక్టరీ పుట్టిన ఏడు, పెంకు కాల్చిన ఏడు కాదు. పనికొచ్చేది అంకె పక్కన ఉన్న పేరు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటిష్ ప్రభుత్వం బాసెల్ మిషన్ వ్యాపారాన్ని స్వాధీనం చేసుకుంది, తర్వాత అది కామన్‌వెల్త్ ట్రస్ట్ చేతికి వెళ్ళింది. కాబట్టి కామన్‌వెల్త్ పేరున్న పెంకు యుద్ధం తర్వాతది. బాసెల్ మిషన్ పేరున్నది చాలావరకు అంతకుముందుది. అయితే పెంకు ఇల్లు మారుతుంది, కూల్చిన ఇంటి పెంకులు కొనుక్కొచ్చి వేసుకోవడం మా దగ్గర మామూలే. ఒక్క పెంకు చూసి ఆగకండి, కప్పులో నాలుగు చోట్ల చూడండి. అన్నీ ఒకే ముద్ర అయితే ఒకేసారి వేసినవి, నాలుగు రకాలుంటే ఏరి తెచ్చినవి.

పైన పెంకు కాకుండా చదును కప్పు ఉంటే, తల పైకెత్తి దంతెల మధ్య చూడండి. దూలం మీద టేకు దంతెలు అడుగున్నరకొకటి, వాటి మధ్య సన్నటి చిన్న ఇటుకలు పక్కకి నిలబెట్టి ఏటవాలు వరసల్లో పేర్చి ఉంటే అది మద్రాసు టెర్రస్. చాప అల్లికలా కనిపిస్తుంది, ఒకసారి చూస్తే మళ్ళీ మరిచిపోరు. ఆ ఇటుకల మీద ఇటుక ముక్కలు, సున్నం కలిపి పోసి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు చల్లుతూ రోజుల తరబడి చెక్కలతో కొట్టి గట్టిపరిచేవారు. ఆ కొట్టుడులోనే కప్పు బలమంతా ఉంది. పెద్ద బజారు వైపు వ్యాపారస్తుల మేడల్లో ఇది ఎక్కువగా చూశాను. నాకైతే ఎండాకాలంలో ఈ కప్పు కింద ఉన్నంత చల్లదనం ఏ స్లాబు కిందా దొరకలేదు.

ఇనుప దూలాల మధ్య ఇటుకలు చిన్న చిన్న కమానుల్లా వంగి ఉంటే దాన్ని జాక్ ఆర్చ్ అంటారు. టార్చి వేసి దూలం పక్కన అక్షరాలు వెతకండి. జంషెడ్‌పూర్‌లో టాటా ఉక్కు రావడం 1912లో మొదలైంది కాబట్టి టాటా ముద్ర ఉంటే అంతకంటే ముందుది కాదు. డోర్మన్ లాంగ్ అని ఉంటే ఇంగ్లండు సరుకు. కొన్ని ఇళ్ళలో దూలంగా రైలు పట్టానే వాడేశారు. పట్టా మీద తయారీ కంపెనీ పేరుతో పాటు ఏడాది కూడా ఉబ్బెత్తుగా ఉంటుంది, చూడగానే సంబరం వేస్తుంది. కానీ తూర్పు తీరం రైలు మార్గం మన వైపు వేసింది 1890లలో, ఆ పట్టాలు అరిగి తీసేశాకే ఇళ్ళకి చేరాయి. పట్టా మీద 1892 ఉంటే ఇల్లు దానికి పాతిక ముప్పై ఏళ్ళ తర్వాతదని లెక్క వేసుకోండి.

కాంక్రీటు స్లాబు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మన దేశంలో సిమెంటు తయారీ గట్టిగా నిలబడింది 1914లో పోర్‌బందర్ ఫ్యాక్టరీతో, మామూలు ఇళ్ళ కప్పుల దాకా రావడానికి చాలా కాలం పట్టింది. వందేళ్ళ ఇంట్లో స్లాబు కనిపిస్తే అది తర్వాత చేర్చిందే అనుకోవడం మంచిది.

కప్పు అయ్యాక చెక్క. మా వైపు రంగూన్‌ని రంగం అనే అనేవారు, గోపాలపురంలో ఓడెక్కి రంగం వెళ్ళి సంపాదించుకొచ్చిన డబ్బుతో లేచిన మేడలు ఇక్కడ ఎన్నో. రంగం టేకు నిండు తేనె రంగులో ఉంటుంది, ముడులు తక్కువ, పొడవు ఎక్కువ. ఇరవై అడుగుల దూలం ఒకే చెక్కలో కనిపిస్తే అది రంగం టేకేమో అనుకోవచ్చు. 1942 మార్చిలో జపాన్ సైన్యం రంగూన్‌లో దిగింది, ఆ రాకపోకలు తెగిపోయాయి. కాబట్టి ఇల్లంతా రంగం టేకుతో కట్టి ఉంటే అది ఆ ఏడాదికి ముందరి ఇల్లయ్యే అవకాశమే ఎక్కువ. మన కొండల చెక్క గుగ్గిలం, మద్ది. ఇవి బరువు, ముదురు రంగు, ఎండకి నిలువునా నెర్రెలిస్తాయి. పనస చెక్క పసుపుగా మొదలై గోధుమ రంగుకి తిరుగుతుంది, దాన్ని ఎక్కువగా తలుపులకి వాడారు. ద్వారబంధం దగ్గర ఊడిన మేకు ఉంటే చేతిలోకి తీసుకోండి. పలకలుగా ఉంటే కమ్మరి కొట్టింది, గుండ్రంగా తీగలా ఉంటే మెషీను మేకు.

దూలాల రంగు కూడా చూడండి. ఇప్పుడు పడగ్గదిగా వాడుకుంటున్న గదిలో దూలాలు మసితో నల్లగా నిగనిగలాడుతుంటే ఒకప్పుడు అదే వంటిల్లు.

గోడకి మేకు పని ఉంది. మూల చూసి, ఎవరికీ కనపడని చోట, ఇంటివాళ్ళని అడిగి, మేకుతో చిన్నగా గీకండి. తెల్లటి పొడి రాలితే సున్నం. బూడిద రంగులో ఉండి గీతే పడకపోతే సిమెంటు. ఎర్రమట్టి రాలితే లోపల మట్టి గోడ, పైన సున్నం పూత. గుల్ల సున్నమైతే, అంటే గుల్లలు కాల్చి చేసినదైతే, పూత పాలరాయిలా నున్నగా ఉంటుంది, వేలితో రాస్తే చల్లగా తగులుతుంది.

సున్నం పెచ్చు ఒకటి ఊడి ఉంటే అంచు చూడండి, రంగుల పొరలు కనిపిస్తాయి: తెలుపు, నీలిమందు కలిపిన తెలుపు, పసుపు, మళ్ళీ తెలుపు. మా ఊరి దేవత బుఢీ ఠాకురాణి యాత్ర రెండేళ్ళకోసారి వస్తుంది, దానికి ముందు సున్నాలు వేయించడం మా వీధిలో అలవాటు, అందుకే పాత గోడకి పొరలు బోలెడు. ముందు గది పెచ్చులో పొరలు తక్కువ, వెనక గదిలో ఎక్కువ ఉంటే ఏది ముందు కట్టారో ఎవర్నీ అడగక్కర్లేదు. మా ఇంట్లో నేను తేల్చుకున్నది అలాగే.

నేత వీధుల్లో ఇళ్ళకి ఇంకో పద్ధతి ఉంది. ఇవి బారు ఇళ్ళు. వీధి వైపు పది పన్నెండు అడుగుల వెడల్పే ఉంటుంది, లోపలికి మాత్రం రైలుపెట్టెలా పోతూనే ఉంటుంది, పక్కింటికీ మనకీ గోడ ఒక్కటే. గంజాం పల్లెల్లో వీధికి రెండు వైపులా వరసగా అంటుకుని ఉండే ఇళ్ళ పద్ధతే ఇది. పట్టు నేసే ఇంట్లో ముందు గది నేల చూడండి. నలుచదరంగా వేరే రంగు గచ్చు అతుకు కనిపిస్తే అక్కడ గుంట మగ్గం ఉండేది, తర్వాత పూడ్చేశారు. ఆ పక్క గోడకి కిటికీ మామూలుకంటే కిందికి ఉంటుంది, ఎందుకంటే గుంటలో కాళ్ళు పెట్టుకుని నేల మట్టంలో కూర్చునే మనిషికి వెలుతురు అక్కడే కావాలి. ఈ గుర్తు దొరికితే ఫోటో తప్పకుండా తీయండి, గచ్చు తీసి టైల్స్ వేయగానే పోయేది మొదట ఇదే.

అరుగు దగ్గర మెట్లు లెక్కపెట్టండి. వీధిలోంచి ఇంట్లోకి మెట్టు దిగి వెళ్ళాల్సి వస్తుంటే ఇల్లు కుంగిందని కాదు, రోడ్డు మీద రోడ్డు వేసి వీధి పైకి లేచింది. అసలు అరుగు ఎత్తు ఎంతో తెలియాలంటే లోపలి గడప నుంచి కొలవాలి.

ఇంత చూశాక వీధిలోకి వచ్చి ముఖం చూడండి. గుమ్మం పైన ఏడాది ఇంగ్లీషు అంకెల్లో ఉంటే సులువు. తెలుగు అంకెల్లోనో ఒడియా అంకెల్లోనో ఉంటే జాగ్రత్త, ఒకటి, రెండు, మూడు రెండింట్లోనూ దాదాపు ఒకేలా ఉంటాయి, మిగతావి సరిచూసుకోవాలి. కొన్ని ఇళ్ళ మీద సంవత్సరం పేరు మాత్రమే ఉంటుంది. ప్రభవ 1867లో వచ్చింది, మళ్ళీ 1927లో వచ్చింది. పేరు వరసలో ఎన్నోదో చూసి అక్కడ నుంచి లెక్కించండి. సౌమ్య నలభై మూడోది, అంటే 1909-10 గానీ 1969-70 గానీ. ఆ రెంటిలో ఏదన్నది కప్పే చెప్తుంది. పాత ఒడియా పత్రాల్లో అంక సంవత్సరాలు (రాజు పాలన ఎన్నో ఏడో చెప్పే లెక్క) రాసి ఉంటే మాత్రం నేరుగా లెక్కపెట్టకండి. ఆ లెక్కలో ఒకటి ఉండదు, ఆరుతో అంతమయ్యేవి ఉండవు, పది తప్ప సున్నాతో అంతమయ్యేవీ ఉండవు.

దస్తావేజులు చూపించమని మొదటి రోజే అడగొద్దు. పరిచయం కుదిరాక, వాళ్ళంతట వాళ్ళు తీస్తే, స్టాంపు కాగితం మీద రాజు బొమ్మ చూడండి. ఏడవ ఎడ్వర్డు అయితే 1901 నుంచి 1910, అయిదవ జార్జి అయితే 1910 నుంచి 1936, ఆరవ జార్జి ఆ తర్వాత. పత్రంలో "పెంకుటిల్లు", "తాటాకిల్లు", "మేడ" అని రాసి ఉంటే అది బంగారం లాంటి మాట, కొన్న రోజున అక్కడ ఏముందో చెప్పేస్తుంది. పత్రం ఫోటో తీయకండి. మీకు కావలసిన ఆ ఒక్క మాటా రాసుకుంటే చాలు.

ముఖం పద్ధతి విషయానికొస్తే, మేడ మీద పూలకుండీలు, తీగలు, నెమళ్ళు సున్నంతో తీర్చి, గుండ్రటి స్తంభాలు జంటలుగా నిలబెట్టి, పైన పిట్టగోడకి మధ్యలో కమాను లేపి ఉంటే అది మద్రాసు మేడల వరస. కొసదేలిన కమానులు, చిన్న గుమ్మటాలు, చెక్కడపు బ్రాకెట్లు కలిపి ఉంటే ఇండో సార్సెనిక్ ప్రభావం, అంటే బ్రిటిష్ కాలంలో మొగలాయి, హిందూ, యూరపు రీతులు కలిపి కట్టిన పద్ధతి. దాని అసలు రూపం చూడాలంటే పర్లాకిమిడి వెళ్ళాలి. గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరు. అక్కడి గజపతుల రాజభవనాన్ని, మద్రాసు సెనేట్ హౌస్ గీసిన రాబర్ట్ చిషోమ్ పేరుతోనే చెప్పుకుంటారు. రాజభవనం చూసొచ్చి ఆ ఊరి వీధుల్లో నడిస్తే, దాని కమానే చిన్నదై ఒక గుమాస్తాగారి ఇంటి కిటికీ మీద కనిపిస్తుంది. నాకు ఆ చిన్న కిటికీలంటేనే ఎక్కువ ఇష్టం. డబ్బు సరిపోకపోయినా అందం కావాలనుకున్న మనిషి అందులో కనిపిస్తాడు.

గుండ్రటి మూల, బాల్కనీ చుట్టూ మూడు సమాంతర గీతలు, ఉదయించే సూర్యుడి బొమ్మ ఉన్న ఇనుప గ్రిల్లు, ఓడ కిటికీలాంటి వలయం ఉంటే ఆర్ట్ డెకో. 1925 పారిస్ ప్రదర్శనతో పేరొచ్చి, 1930లలో బొంబాయి, మద్రాసులను ఊపేసిన పద్ధతి. మా ఊళ్ళలో మేస్త్రీలు దాన్ని ఇరవై ఏళ్ళ తర్వాత కూడా కట్టారు, కాబట్టి సూర్యుడి గ్రిల్లు చూసి 1935 అని రాసేయకండి. వెనక మండువా, ముందు డెకో ముఖం ఉన్న ఇళ్ళు మా దగ్గర తరచుగా కనిపిస్తాయి. అలాంటి ఇంటికి ఒకే పద్ధతి పేరు పెట్టకండి, రెండూ రాయండి.

ఇల్లు మీదే అయితే, బాగుచేయించే ముందు ఒక మాట వినండి. తుపాను తర్వాత మాకు పని చేసిన ఒక మేస్త్రీ సున్నం గోడకి సిమెంటు పూత వేస్తే జన్మలో చెమ్మ రాదన్నాడు. ఒప్పుకున్నాం. రెండు వానాకాలాలకే గోడ ఉబ్బి, ఉప్పు తేలి, పూత రేకుల్లా ఊడిపోయింది, లోపలి ఇటుక పొడి పొడిగా వచ్చేసింది. సున్నం గోడ లోపలి చెమ్మని బయటికి వదులుతుంది, సిమెంటు దాన్ని లోపలే బిగబడుతుంది. సున్నానికి సున్నమే వేయించండి. మద్రాసు టెర్రస్ కారుతుంటే పైన మళ్ళీ కాంక్రీటు పోయించొద్దు, ఆ బరువు పాత దంతెలు మోయలేవు. దంతెల చివర్లు గోడలోకి దిగే చోట మేకుతో గుచ్చి చూడండి, కుళ్ళు, చెద మొదలయ్యేది అక్కడే. మేకు సులువుగా దిగిపోతే ఆ గదిలో మనుషులు పడుకోవడం ఆ రోజే ఆపేయాలి.

చూసినదంతా ఒక కాగితం మీదకి ఎక్కించండి. ఇంటి నేలపటం చేత్తో గీసి, ఒక్కో గదిలో దాని వయసు, ఆ వయసు ఎలా తెలిసిందో పక్కనే రాయండి. మా ఇంటి కాగితం ఇలా ఉంది: "వెనక మూడు గదులు, మట్టి గోడ, తాటి దూలాలు, అన్నిటికంటే పాతవి. మండువా, గుగ్గిలం స్తంభాలు, పలకల మేకులు, వెనక గదుల తర్వాతది. ముందు గది, ఇటుక, సున్నం, రంగం టేకు, గుమ్మం మీద 1934. వంటింటి స్లాబు, మా నాన్న పెళ్ళి ముందు వేసింది. ముందు గది పెంకులు, కామన్‌వెల్త్ ముద్ర, ఫైలిన్‌కి పోగా మిగిలినవి నలభై రెండు, నూతి పక్కన పేర్చి ఉన్నాయి."